తప్పెటగుళ్ల లయను ఆటలోకి తెచ్చిన అనుభవం

స్టెప్‌మేనియా అనే ఆట ఉచితంగా దొరుకుతుంది, దాని మూలకోడ్‌ను కూడా ఎవరైనా తీసుకోవచ్చు. తెర మీద బాణాలు పైకి కదులుతూ వస్తాయి. పాటలో దెబ్బ పడే క్షణానికి, నేల మీద ఉన్న ప్యాడ్‌లో ఆ దిక్కున ఉన్న గడి మీద కాలు వేయాలి. ఆడడానికి కావలసిన పాటలనూ అడుగులనూ చాలావరకు అభిమానులే తయారుచేసి, ఒకరికొకరు ఉచితంగా పంచుకుంటారు. గాజువాకలో ఒకరు, మధురవాడలో ఇద్దరు, ఎంవీపీ కాలనీలో నేను, ఇంకా మేము ముఖమైనా చూడని పరదేశపు మిత్రులు కొందరు కలిసి ఈ మధ్య ఒక పాటల ప్యాక్ పూర్తి చేశాం. అందులో ఉన్నవన్నీ తప్పెటగుళ్లే.

తప్పెటగుళ్లు మన ఉత్తరాంధ్ర కళ. కళాకారులు రేకు తప్పెటను ఛాతీకి కట్టుకుని రెండు చేతులా వాయిస్తూ, కాళ్లకు గజ్జెలతో, పాడుతూ ఆడతారు. కాళ్లతో ఆడే ఆటకు ఇంతకంటే తగిన సంగీతం నాకు తెలియదు.

సినిమా పాటలు వద్దని ముందే అనుకున్నాం. డబ్బు తీసుకోకపోయినా హక్కుదారుల అనుమతి లేకుండా పంచడం తప్పే. అందుకే భీమిలి వైపు ఒక ఊళ్లో ఉన్న బృందాన్ని కలిశాం. వారి గురువు అంతా విని, “దీన్ని అమ్ముతారా బాబూ?” అని అడిగారు.

“లేదు గురువుగారూ. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, ఎవరూ అమ్ముకోకూడదు. కాగితంలో కూడా అదే రాస్తాం.”

“అయితే మావాళ్లందరి పేర్లూ వేయండి. నా ఒక్కడి పేరే వేస్తే ఒప్పుకోను.”

వాణిజ్య వినియోగానికి వీలులేని క్రియేటివ్ కామన్స్ లైసెన్సును తెలుగులో చదివి వినిపించి, సంతకాలు తీసుకుని, ఆరుబయటే రికార్డు చేశాం.

అసలు పని అక్కడినుంచి మొదలైంది. కంప్యూటర్‌లో కూర్చిన పాటకు నిమిషానికి ఇన్ని తాళాలు అని ఒక్క అంకె ఇస్తే చాలు, చివరిదాకా సరిపోతుంది. మనుషులు వాయించే పాట అలా నడవదు. మేము తీసుకున్న ఒక పాట నిమిషానికి 104 తాళాల దగ్గర మొదలై, చివరికి 140 దాటింది. రికార్డింగును సాగదీసి, కుదించి ఒకే వేగానికి తెద్దామని మాలో ఒకరు సూచించారు. పని తేలికయ్యేది నిజమే. కానీ ఆ వేగం పెరగడంలోనే తప్పెటగుళ్ల ప్రాణమంతా ఉంది. దాన్ని చదును చేస్తే ఇక మిగిలేది రేకు చప్పుడే అని నేను గట్టిగా వాదించాను, మిగతావారు ఒప్పుకున్నారు. అందుకని ఆడియోను ముట్టుకోకుండా, రెండేసి, నాలుగేసి తాళాలకు ఒక వేగపు గుర్తు పెట్టుకుంటూ పోయాం. శబ్దాన్ని తెర మీద గీతగా చూపే తరంగ చిత్రంలో తప్పెట దెబ్బ సూదిమొనలా లేచి కనిపిస్తుంది కాబట్టి చెవి తడబడిన చోట కన్ను ఆదుకుంది.

లయ ఎక్కువ భాగం తిశ్రగతిలో, అంటే తాళాన్ని మూడు సమభాగాలు చేసే నడకలో ఉంది. దానితో చిక్కు లేదు, ఎందుకంటే స్టెప్‌మేనియా ఒక్కో తాళాన్ని 48 గీతలుగా భాగిస్తుంది, బాణాన్ని ఏదో ఒక గీత మీదే పెట్టాలి, 48 మూడుతో పోతుంది. ఒక పాటలో మాత్రం తాళానికి ఐదేసి దెబ్బలు వరుసగా పడతాయి. 48 ఐదుతో పోదు. ఐదోవంతు 9.6వ గీత దగ్గర పడాలి, అలాంటి గీత లేదు. 10వ గీత మీద పెడితే ఎంత తేడా వస్తుందో లెక్క వేశాం. నిమిషానికి 120 తాళాల వేగంలో తాళం 500 మిల్లీసెకన్లు, అందులో ఒక్కో గీత పదికి కాస్త పైన. అంటే తేడా నాలుగు మిల్లీసెకన్లు. ఆట మామూలు అమరికలో అత్యుత్తమ గుర్తింపు ఇచ్చే పరిధి ఇటు 22.5, అటు 22.5 మిల్లీసెకన్లు. ఈ లెక్కతో ఆ గొడవ తీరిపోయింది.

ఆడియోను ఎంపీ3లో కాక ఆగ్ (Ogg) అనే మరో ఫైలు రూపంలో ఉంచాం. ఎంపీ3గా మార్చేటప్పుడు మొదట్లో కాస్త నిశ్శబ్దం చేరుతుంది, దానితో బాణాలన్నీ జరిగిపోతాయి.

బాణాలు తప్పెటను అనుసరించాలా, గజ్జెను అనుసరించాలా అన్న చర్చ చాలాకాలం నడిచింది. పరదేశపు మిత్రులు స్పష్టంగా వినిపించే తప్పెట వైపు మొగ్గారు. కాలు వేసేది గజ్జెకే కదా అన్నది మా మాట. చివరకు మధ్యస్థాయి చార్టు (పాటకు కూర్చిన బాణాల వరుస) గజ్జె మీద, కఠినమైనది తప్పెట మీద కుదిరాయి. రెండూ ఆడి చూస్తే ఒకే పాటలో చేతి పని, కాలి పని ఎలా వేరుపడతాయో ఒంటికే తెలుస్తుంది.

ఆటోనగర్‌లో ఒక మేస్త్రీ చేసిచ్చిన ప్లైవుడ్ ప్యాడ్‌ను ఆ ఊరికే తీసుకెళ్లి, బృందంలోని కుర్రవాళ్లతో ఆడించాం. ఒక అబ్బాయి కాసేపు ఆడి ఆగిపోయాడు. “అన్నా, ఇక్కడ మేము కుడికాలు ముందు వేస్తాం. మీ బాణాలు ఎడమకాలు వేయిస్తున్నాయి” అన్నాడు. ఏ కాలు వేయాలో చార్టులో రాయలేం. బాణాల వరుసే కాళ్లను నడిపిస్తుంది. ఆ చరణమంతా కుడి బాణంతో మొదలయ్యేలా మళ్లీ కూర్చాం. మిగతా పాటల్లోనూ కాళ్ల వరుసను ఆ అబ్బాయే దగ్గరుండి సరిచూశాడు. అతని పేరు ఇప్పుడు వాద్యకారుల వరుసలోనూ, అడుగులు కూర్చినవారి వరుసలోనూ ఉంది.

పిల్లల కోసం తేలిక చార్టులు ఇంకా మిగిలి ఉన్నాయి. మధురవాడ మిత్రులు ఆ పనిలో ఉన్నారు. బాణాలు కూర్చే ఎడిటర్ వాడడం రాకపోయినా తాళం పట్టగలిగినవారు మాతో చేరవచ్చు, మిగతాది మేము నేర్పిస్తాం.