లాగ్‌బుక్‌లో రంపపు పొట్టు

లాగ్‌బుక్ తెరవగానే ఒళ్లో రంపపు పొట్టు రాలింది. పైలట్‌గా పనిచేసిన పెదనాన్న పోయాక ఈరోజే ఆయన గది సర్దాం.

65 ఏళ్లు నిండితే అంతర్జాతీయ ప్రయాణికుల విమానాలు నడపనివ్వరు. లాగ్‌బుక్‌లో ఆయన రాసుకున్న విమాన గంటల లెక్క అక్కడ ఆగాలి. ఆగలేదు. తర్వాతి పేజీల్లో, అవే గడుల్లో, అదే చిన్న రాత: టెలిస్కోప్, 2 గంటలు, శనిగ్రహం. చెక్కపని, 3 గంటలు, కుర్చీ కాలు. సమయాలన్నీ యూటీసీలోనే, అంటే పైలట్లు వాడే ప్రపంచ ప్రామాణిక సమయంలోనే!

హామ్ రేడియో ఎంట్రీలే ఎక్కువ; అభిరుచి కొద్దీ రేడియోలో, మోర్స్ కోడ్‌లో కూడా, దూరాన ఉన్నవాళ్లతో మాట్లాడుకోవడం అది. ఎందుకో నాకు తెలుసు. విమానాలకు దారి చూపే నేలమీది వీఓఆర్ రేడియో స్టేషన్లు తమ గుర్తును మోర్స్ కోడ్‌లో, అంటే అక్షరాలకు బదులు పొట్టి, పొడుగు చప్పుళ్లలో, పంపుతుంటాయి. అది విని, పట్టుకున్నది సరైన స్టేషనో కాదో పైలట్ చూసుకోవాలి. ఏళ్ల తరబడి చెవిలో మోగిన ఆ చప్పుడును ఆయన వదులుకోలేకపోయారు. చిన్నప్పుడు నా పేరు కూడా బల్లమీద వేలితో అలాగే కొట్టి పిలిచేవారు.

రిటైరయ్యాక ఏదో కాలక్షేపం అనేవాళ్లు అందరూ. నేనూ అలాగే అనుకున్నాను. ఈ పేజీలు చూశాక అలా అనలేను. గాల్లో గడిపిన గంటను ఎంత శ్రద్ధగా రాశారో, కుర్చీ కాలు చెక్కిన గంటనూ అంతే శ్రద్ధగా రాశారు.

చివరి ఎంట్రీలో రేడియో మొదలుపెట్టిన సమయం ఉంది. ముగించిన సమయం గడి ఖాళీ.

పెన్ను తీశాను. రాయలేకపోయాను. పొట్టు కూడా దులపకుండా మూసి, నా దగ్గరే పెట్టుకున్నాను.