పొటోమాక్ గుల్లలు: నాలుగోసారీ పిల్లలు దొరకలేదు

సెప్టెంబరు 20

ఈసారి పిల్ల గుల్లలు తప్పకుండా చిక్కుతాయనుకున్నాను. నిన్న అమెరికాలో పొటోమాక్ నది ఒడ్డునున్న అలెగ్జాండ్రియాకు దిగువన, ఆటు వేళ, 15 సెంటీమీటర్ల చదరంలో 5 సెంటీమీటర్ల లోతు వరకు ఇసుక తీశాను. నీరు 23 డిగ్రీలు. కార్బిక్యులా ఫ్లూమినియా (ఆసియా మంచినీటి గుల్ల) పెద్దవి 31 వచ్చాయి, అన్నిటికన్నా పెద్దది 27.4 మిల్లీమీటర్లు. మిటుటోయో కాలిపర్‌కు పెట్టిన డబ్బు వృథా కాలేదు.

కానీ నాకు కావలసినవి పిల్లలు. ఈ గుల్లలో ఆడా మగా ఒకే ఒంట్లో ఉంటాయి కాబట్టి కొత్త చోటికి ఒక్కటి చేరినా చాలు. పిల్లలను మొప్పల్లో పెంచి, పావు మిల్లీమీటరు అయ్యాక నీటిలోకి వదులుతుంది. అవి ప్రవాహం వెంట కొట్టుకుపోతాయి. ఈ తూర్పు ఆసియా జీవి 1938లో కొలంబియా నదిలో కనిపించింది, 1977 నాటికి పొటోమాక్‌లోనూ నమోదైంది. ఖండం దాటించింది ప్రధానంగా మనుషులే అయినా, నది పొడవునా పరిచింది ఈ పిల్లలే. వాటిని ఒక్కసారైనా చూడకుండా వ్యాప్తి పటం గీయబుద్ధి కావడం లేదు.

ఇసుకను ఒడ్డునే ఆల్కహాలులో వేసి, జీవులకు గులాబీ రంగు పట్టించే రోజ్ బెంగాల్ కలిపాను. ఇంట్లో 1 మిల్లీమీటరు, 0.5, 0.2 జల్లెడలు వరుసగా. (చవక జల్లెడ కొనకండి. నాది రెండో వాడకానికే వల సాగి, కన్ను 0.3 అయింది. మొదటి రెండు ప్రయత్నాలు దానికే బలి.) అడుగు జల్లెడలో మిగిలింది 140 గ్రాముల ఇసుక. లీటరు నీటికి 360 గ్రాముల పంచదార కలిపి అందులో పోశాను. పురుగులు, లార్వాలు గులాబీ రంగులో చక్కగా తేలాయి. గుల్ల ఒక్కటీ లేదు. పంచదార 1,200 గ్రాములకు పెంచాను. సాంద్రత 1.25 దాకా వచ్చి ఉండాలి. రెండు ఖాళీ చిప్పలు మాత్రం పైకొచ్చాయి, అవీ లోపల గాలి చిక్కడం వల్ల. అడుగు ఇసుకను సూక్ష్మదర్శిని కింద చెంచా చెంచాగా మూడు గంటలు వెతికాను. ఆరు చెంచాల తర్వాత కళ్లు మొరాయించాయి.

చిప్ప సాంద్రత దాదాపు 2.9, ఇసుక 2.65. లోపలి మాంసం, నీరు కలిపి చూస్తే పిల్ల గుల్ల మొత్తం మీద ఇసుక కన్నా తేలికే అయి ఉండాలి, కానీ ఏ పంచదార పాకంలోనూ తేలేంత తేలిక కాదు. అంటే తేల్చడం కాదు, గాలించాలి! బియ్యంలో రాళ్లు తీయడానికి అమ్మమ్మ పళ్లెం తిప్పినట్టే. పెద్ద పిల్ల, సన్న ఇసుక కలిసి ఉంటే ఆ తేడా దొరకదు, కాబట్టి 0.2 నుంచి 0.3 వరకు ఉన్నదాన్నే విడిగా తీయాలి.

0.3 జల్లెడ ఒకటి మంచిది తెప్పిస్తున్నాను. బూట్లు ఎండడానికి ఎలాగూ వారం కావాలి, తడి బూట్లతో మరో వాగులో దిగను. నీరు 16 డిగ్రీలకు దిగేలోపు ఇక్కడ మరోసారి, ఆపైన గ్రేట్ ఫాల్స్ ఎగువన. జలపాతం పైకి పిల్లలు ఈదలేవు కదా, అక్కడ దొరికే గుల్లల కొలతలు వేరుగా ఉంటాయేమో చూడాలి.