తొమ్మిదీ నాలుగు దగ్గర ఆగిన గడియారం

కెనడాలోని హాలిఫాక్స్ వచ్చిన మూడో రోజునే ఈ ఊరి మీద ఫిర్యాదు రాయబోయాను. నడిబొడ్డున గ్రాండ్ పరేడ్ అని ఒక మైదానం ఉంది. ఒక చివర 1750లో మొదలైన సెయింట్ పాల్స్ చర్చి, రెండో చివర నగరపాలక భవనం. ఆ భవనం వెనకవైపుకు నడిచి తల ఎత్తితే ఉత్తరం వైపు గడియారం తొమ్మిది గంటల నాలుగు నిమిషాలు చూపిస్తోంది. నా హెచ్.ఎం.టి. వాచీలో పదకొండూ ఇరవై.

ముప్ఫై నాలుగేళ్లు స్టేషన్ మాస్టరుగా పనిచేశాను. తప్పు టైము చూపించే గడియారం కంటే అసలు గడియారం లేకపోవడమే నయమని నా నమ్మకం. "ఇంత పెద్ద దేశంలో దానికి కీ ఇచ్చే నాథుడే లేడా?" అన్నాను, కాస్త గట్టిగానే. మా అమ్మాయి నవ్వలేదు. "అది పాడవలేదు నాన్నా, కావాలనే అలా ఆపి ఉంచారు" అంది.

1917 డిసెంబరు 6 ఉదయం ఈ రేవులోని ఇరుకు పాయలో రెండు ఓడలు గుద్దుకున్నాయి. ఫ్రాన్సు వాళ్ల మోంట్ బ్లాంక్ నిండా పేలుడు పదార్థాలు. రెండోది నార్వే వాళ్ల ఇమో. మోంట్ బ్లాంక్ అంటుకుని, మండుతూనే ఆరో నంబరు రేవుకట్ట దగ్గరికి కొట్టుకొచ్చి, తొమ్మిదీ నాలుగుకు పేలింది. సుమారు రెండు వేల మంది పోయారు, తొమ్మిది వేల మంది గాయపడ్డారు. మంట చూద్దామని కిటికీల దగ్గర నిలబడ్డవాళ్ల కళ్లలోకి అద్దాలు దూసుకుపోయాయి. మర్నాడు మంచు తుపాను. ఆ నిమిషాన్నే గోడ మీద అలా ఉంచేశారు. ఫిర్యాదు సంగతి నేను మళ్లీ ఎత్తలేదు.

మేము మే నెలాఖరున వచ్చాం, నేనూ మా ఆవిడా. అమ్మాయి, అల్లుడు ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్తారు. మనవరాలు బడికి వెళ్తుంది. మా ఆవిడకు వంటిల్లు దొరికింది, నాకు బస్సు పాసు దొరికింది. ఇక్కడికీ మనకూ వేసవిలో ఎనిమిదిన్నర గంటల తేడా. ఆ అరగంట దగ్గరే మా ఆవిడ లెక్క తప్పి, ఒకసారి మా వియ్యపురాలిని తెల్లవారుజామున నాలుగింటికి నిద్ర లేపింది.

ఆ ఆగిన గడియారం చూసిన మర్నాటి నుంచి గడియారాలు వెతకడమే నా పనైంది. ఊరి మధ్య గుట్ట మీద సిటడెల్ అనే కోట ఉంది. పైనుంచి చూస్తే నక్షత్రం ఆకారం. ఇప్పుడున్నది అక్కడ కట్టిన నాలుగో కోట, 1856లో పూర్తయింది. దాని మీద ఏ శత్రువూ ఎప్పుడూ దాడి చేయలేదు. క్రిస్మస్ రోజు తప్ప రోజూ సరిగ్గా మధ్యాహ్నం పన్నెండుకు అక్కడ ఫిరంగి పేలుస్తారు. మొదటిసారి నేను కోట గోడ పక్కనే నిలబడి వాచీ చూస్తున్నాను. సెకండ్ల ముల్లు ఇంకా పన్నెండు మీదికి రాకముందే ధనాలుమంది. నా వాచీ నాలుగు సెకండ్లు వెనక ఉందన్నమాట. పక్కన పర్యాటకులు చెవులు మూసుకుని కేకలు పెడుతుంటే నేను ముల్లు సరిచేసుకుంటున్నాను. అక్కడ ఫిరంగిని దాని అసలు పనికి వాడుకున్నవాణ్ణి ఆ రోజుకు నేనొక్కణ్ణే అయి ఉంటాను.

కోట వాలులోనే టౌన్ క్లాక్ ఉంది, తెల్లటి చిన్న గోపురంలా. విక్టోరియా రాణి తండ్రి ఎడ్వర్డ్ ఇక్కడ సేనాధిపతిగా ఉండేవాడు. ఆలస్యంగా వచ్చే సిపాయిలంటే ఆయనకు ఒళ్లుమంట. వెళ్లిపోతూ ఈ ఊరికో గడియారం ఏర్పాటు చేశాడు. అది 1803 అక్టోబరు 20న నడవడం మొదలుపెట్టింది, ఇంకా నడుస్తోంది. రెండు శతాబ్దాలుగా నడుస్తున్న గడియారమూ, శతాబ్దం పైగా ఆగిపోయిన నిమిషమూ కూతవేటు దూరంలో ఉన్నాయి.

రేవు ఒడ్డున చెక్కల దారి వెంట పోతే మారిటైమ్ మ్యూజియం వస్తుంది. అందరూ టైటానిక్ గది వైపు వెళ్తారు. ఆ ఓడలో పోయినవాళ్లలో 121 మందిని ఈ ఊళ్లోనే, ఫెయిర్‌వ్యూ శ్మశానంలో పూడ్చారు. ఓడ డెక్కు మీది కుర్చీ ఒకటి ఇక్కడ ఉంది. నేను దాన్ని దాటుకుని విన్స్ కోల్మన్ సామాన్ల దగ్గర ఆగాను. ఒక జేబు గడియారం, ఒక కలం, ఒక టెలిగ్రాఫ్ మీట.

కోల్మన్ రిచ్‌మండ్ యార్డులో రైళ్ల డిస్పాచరు. ఏ బండి ఎప్పుడు కదలాలో చెప్పేవాడు, మన లెక్కలో సెక్షన్ కంట్రోలర్ అనుకోండి. మండుతున్న ఓడలో ఏముందో ఒక నావికుడు వచ్చి చెప్పాడు. పారిపోవడానికి బయలుదేరిన కోల్మన్ వెనక్కి తిరిగి బల్ల ముందు కూర్చున్నాడు. సెయింట్ జాన్ నుంచి పదో నంబరు ప్రయాణికుల బండి రావలసి ఉంది, అందులో మూడు వందల మంది దాకా ఉన్నారు. బండి ఆపండి, మందుగుండు ఓడ తగలబడుతోంది, బహుశా ఇదే నా చివరి సందేశం అని లైను మీదికి కొట్టాడు. ఆ తరువాత ఆయన లేడు.

ఆ బండి ఆ వేళ ఆలస్యంగా నడుస్తోందనీ, సందేశం లేకపోయినా ప్రయాణికులు బతికేవారేమోననీ అనేవాళ్లున్నారు. అనవచ్చు. కానీ బల్ల ముందు కూర్చున్న మనిషికి ఆ లెక్క అక్కర్లేదు. లైను మీద ప్రమాదం ఉందని తెలిసింది, పక్క స్టేషనుకు చెప్పాలి, అంతే. పైగా ఊరి తీగలన్నీ తెగిపోకముందే బయటి ప్రపంచానికి అందిన కబురు అది. సహాయం బండ్లు అంత త్వరగా కదలడానికి అదీ ఒక కారణం. నా సర్వీసులో ఒకే ఒక్కసారి, వరద రాత్రి, రావచ్చని లైన్ క్లియర్ ఇచ్చేసిన బండిని పక్క స్టేషనులో ఆపించాను. కట్ట కొట్టుకుపోయిందో లేదో నాకప్పటికి తెలియదు. ఫోను పట్టుకున్న చేయి వణికింది. తెల్లవారాక చూస్తే కట్ట బాగానే ఉంది, నాకు సంజాయిషీ నోటీసు వచ్చింది. అద్దం వెనక ఆ మీటను చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో గాని, కాపలా అమ్మాయి వచ్చి కూర్చుంటారా అని అడిగింది.

పేలుడు జరిగిన చోటు చూడాలంటే ఉత్తరం వైపు, నార్త్ ఎండ్‌కు వెళ్లాలి. దారిలో గాటింగెన్ వీధి. ఇక్కడే వయోలా డెస్మండ్ అనే నల్లజాతి మహిళ అందాల సెలూను నడిపింది. 1946లో న్యూ గ్లాస్గో సినిమా హాలులో తెల్లవాళ్ల సీట్లో కూర్చుందని ఆమెను అరెస్టు చేశారు. పన్నులో ఒక్క సెంటు తేడాను నేరంగా చూపించారు. ఇప్పుడు పది డాలర్ల నోటు మీద ఆమె బొమ్మ ఉంది, ఆ బొమ్మ వెనకాలే, నోటుకు అదే వైపున, ఈ పేట పటం ఉంది. నోటు పట్టుకుని ఈ వీధి ఎక్కడుందా అని వెతుకుతుంటే, టీ కొట్టు కుర్రవాడు నేను నోటు దొంగదేమోనని పరీక్షిస్తున్నాననుకున్నాడు.

ఇంకాస్త పైకి పోతే హైడ్రోస్టోన్. నేలమట్టమైన పేట మీద, పేలుడు తరువాత కాంక్రీటు దిమ్మలతో కట్టిన ఇళ్ల వరసలు. థామస్ ఆడమ్స్ అనే పట్టణ ప్రణాళికకారుడు గీసిన పేట ఇది. పది వీధులు, తొమ్మిదింటికి నడుమ పచ్చిక, చెట్లు. బొగ్గూ చెత్తా మోసే బండ్లు ముందు వీధిలోకి రాకుండా వెనక సందులు పెట్టారు. రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగినవాణ్ణి, ఒకే అచ్చులో పోసిన ఇళ్లు చూస్తే నాకు మనసు కుదుటపడుతుంది. అయితే మన క్వార్టర్ల ముందు పచ్చిక ఉండేది కాదు, బొగ్గు బూడిద ఉండేది. ఒక ముసలావిడ గుమ్మంలో మొక్కలకు నీళ్లు పోస్తూ నన్ను చూసి "మంచి రోజు" అంది. ఇక్కడ ఎండ కాస్తే అందరూ అదే మాట అంటారు. పొగమంచు రోజులు చూశాక ఆ మాట ఎందుకంటారో అర్థమైంది.

పక్కనే ఫోర్ట్ నీడమ్ గుట్ట మీద స్మారక గంటల గోపురం ఉంది. అక్కడినుంచి చూస్తే చెట్ల నడుమ నుంచి ఆ ఇరుకు పాయ కనిపిస్తుంది.

ఆ పాయ కొసకు, మెకే వంతెన కిందికి, ఒక ఆదివారం అల్లుడు తీసుకెళ్లాడు. "మామయ్యగారూ, ఇది పర్యాటకుల జాబితాలో చివర ఉంటుంది, మనం ముందే చూద్దాం" అన్నాడు. ఆఫ్రిక్‌విల్ అని నల్లవాళ్ల ఊరు ఉండేది అక్కడ. పన్నులు కట్టించుకున్నారు, మంచినీళ్ల గొట్టం మాత్రం వేయలేదు. పక్కనే నగరం చెత్త దిబ్బ పెట్టారు. 1960లలో మొదలుపెట్టి 1970 నాటికి ఇళ్లన్నీ కూలగొట్టారు. కొందరి సామాన్లు చెత్త లారీల్లో తరలించారు. చర్చిని 1967లో ఒక రాత్రి పడగొట్టారు. 2010లో నగరం క్షమాపణ చెప్పింది. ఆ చర్చి నమూనాలోనే మళ్లీ కట్టిన భవనం ఇప్పుడు మ్యూజియం. లోపల పాత ఫొటోల్లో ఇళ్ల మధ్యగా పట్టాలు కనిపించాయి. 1850లలోనే ఆ ఊరిని చీల్చుకుంటూ లైను వేశారట. పటంలో గీత గీసినవాడు మా వాడే, రైల్వేవాడే. కారులో తిరిగి వస్తూ ఎవరమూ పెద్దగా మాట్లాడుకోలేదు.

తినే సంగతి ఒకటి చెప్పి ముందుకు పోతాను. ఈ ఊరి అధికారిక వంటకం డొనేర్, 2015లో నగర సభ తీర్మానించింది. కారంగా కాల్చిన మాంసం రొట్టెలో చుట్టి, పైన తియ్యటి సాసు పోస్తారు. చిక్కటి డబ్బా పాలు, వెనిగరు, వెల్లుల్లి పొడి కలిపిన సాసు. మా ఆవిడ వేలితో రుచి చూసి, "పాలకోవాలో వెల్లుల్లి దంచిన పుణ్యాత్ముడెవరు?" అంది. నేను రెండు తిన్నాను.

రైలు స్టేషను చూడకుండా నేనెలా ఉంటాను! 1928 నాటి భవనం, పెద్ద హోటలు ఆనుకుని ఉంది. మాంట్రియల్ వెళ్లే ఓషన్ ఒక్కటే బండి, వారానికి మూడు రోజులు. 1904 నుంచి అదే పేరుతో నడుస్తోంది. ఇదివరకు రైలు తిరగడానికి రేవు దగ్గర లూప్ లైను ఉండేది, 2020లో అది పోయింది. ఇప్పుడు రెండు కొసలా ఇంజన్లు తగిలించి నడుపుతున్నారు. బండి లేని రోజున ఆ ప్లాట్‌ఫారం వైపు చూస్తే గుండె కలుక్కుమంది. వెనకే పియర్ 21. 1928 నుంచి 1971 వరకు ఓడల్లో వలస వచ్చిన దాదాపు పది లక్షల మంది అక్కడ దిగి, ఇక్కడే రైలెక్కి దేశంలోకి వెళ్లారు.

ఇక డింగిల్ గోపురం. నార్త్‌వెస్ట్ ఆర్మ్ అనే పాయకు అవతలి గట్టున, అడవిలాంటి పార్కులో, గుమ్మం ముందు రెండు కంచు సింహాలు. మనవరాలు సింహం ఎక్కింది, మా ఆవిడ దాని నీడన చతికిలబడింది. పార్కు పేరు చదివి నేను నిలబడిపోయాను. శాండ్‌ఫర్డ్ ఫ్లెమింగ్! ప్రపంచమంతా ఒకే పద్ధతిలో టైము ఉండాలని, ఇరవై నాలుగు గంటల గడియారం వాడాలని పోరాడిన రైల్వే ఇంజనీరు. 1876లో ఐర్లండులో టైంటేబుల్‌లో ఉదయానికి బదులు సాయంత్రమని అచ్చుపడి ఆయన బండి తప్పిపోయిందంటారు. ఆ కోపమే ఇంతదాకా తెచ్చిందట. ఈ నేల ఆయన ఊరికి ఇచ్చినదే. నా సర్వీసంతా ట్రైన్ రిజిస్టరులో పదిహేడూ నలభై, ఇరవై మూడూ అయిదు అని రాసినవాణ్ణి. చెప్పులు విప్పి ఆయన పార్కు గడ్డి మీద కాసేపు కూర్చున్నాను. "తాతయ్య ఎందుకు దండం పెడుతున్నారు?" అని మనవరాలు అడగడం వినిపించింది. "రైల్వేవాళ్లకు ఆయన దేవుడమ్మా" అంది మా ఆవిడ.

నిన్న సాయంత్రం డార్ట్‌మత్ వెళ్లి వద్దామని ఒక్కణ్ణే ఫెర్రీ రేవుకు నడిచాను. ఇక్కడినుంచి అవతలి గట్టుకు 1752 నుంచి పడవలు నడుస్తున్నాయి. పన్నెండు నిమిషాల ప్రయాణం. అప్పటికి మూడుసార్లు వెళ్లాను, ఒక్కసారీ బోర్డు మీది టైము తప్పలేదు. నిన్న పడవ వస్తుంటే ముందుగా చెక్కల దారి మీద నిలబడి, పక్కన రాసిన పేరు కూడబలుక్కుని చదివాను. విన్సెంట్ కోల్మన్. ఫోను తీసి ఫొటో తీశాను. ఎండ పడి సరిగా రాలేదు, మళ్లీ తీశాను. అమ్మాయికి పంపాను. ఆ తరువాత లోపలికి నడిచేసరికి గేటు మూసేశారు. గేటు దగ్గరి మనిషి చేయి చాచి గోడ గడియారం చూపించాడు. పదిహేడూ ముప్ఫై. సరిగ్గా రైట్ టైము.

జీవితంలో నేను తప్పిన మొదటి బండి అదే. డైరీలో రాసుకున్నాను.