ఉగాండాకు పసిపిల్లలతో సేవకు వెళ్తున్నారా? ముందు ఇంటి సంగతులు చూసుకోండి

మిషనరీ అనగానే మన ఊళ్లలో ఇప్పటికీ తెల్లదొరలే గుర్తొస్తారు. కానీ తెలుగువాళ్లు సువార్త కోసం సముద్రం దాటడం ఈనాటి సంగతి కాదు. 1903లోనే మన తెలుగు బాప్టిస్టు సంఘాలు జాన్ రంగయ్య గారిని ఇప్పటి దక్షిణాఫ్రికాలో భాగమైన నటాల్‌కు పంపాయి. అక్కడి తోటల్లో కూలికి వెళ్లిన తెలుగువాళ్ల మధ్య ఆయన కుటుంబంతో కాపురముండి సేవ చేశారు.

ఈ పోస్టు ఐదారేళ్ల లోపు పిల్లలతో ఉగాండాకు బయల్దేరుతున్న కుటుంబాల కోసం. నేను గట్టిగా నమ్మే మాట ఒకటే: మొదటి ఏడాది ఇల్లు నిలబెట్టుకోవడమే మీ పరిచర్య. పిల్లల ఒళ్లు, తిండి, మాట కుదుటపడకముందే వారానికి ఐదు కూడికలు పెట్టుకోకండి. పంపే సంఘం పెద్దలకు ఈ మాట బయల్దేరకముందే చెప్పి ఒప్పించండి. అక్కడికి వెళ్లాక ఫోన్లో చెబితే సాకులా వినిపిస్తుంది.

టీకాల పని కనీసం మూడు నెలల ముందే మొదలుపెట్టాలి. ఎల్లో ఫీవర్ టీకా తొమ్మిది నెలలు నిండిన పిల్లలకు ఒక్క డోసు వేస్తారు. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. టీకా వేశాక ఇచ్చే పసుపు కార్డు పదో రోజు నుంచి చెల్లుతుంది, ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. చిక్కు ఎక్కడొస్తుందంటే, మన దగ్గర తొమ్మిదో నెలలోనే తట్టు టీకా కూడా వేస్తారు. రెండూ బతికున్న వైరస్ టీకాలే కాబట్టి మధ్యలో నాలుగు వారాల ఎడం ఉండేలా పిల్లల డాక్టరుతో ముందే తేదీలు రాయించుకోండి. టికెట్లు కొన్నాక ఈ సంగతి తెలిసి తేదీలు మార్చుకునేవాళ్లున్నారు. ఆ పసుపు కార్డు పాస్‌పోర్టుతో పాటే ఉండాలి. అది లేకుండా ఉగాండా నుంచి తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో పెడతారు. టైఫాయిడ్‌కు మన జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ తయారుచేసే టైప్‌బార్ టీసీవీ ఆరు నెలలు నిండిన పిల్లలకే వేయొచ్చు. కుక్కకాటు టీకా కూడా ముందే వేయించండి. పల్లెల్లో కాటు పడ్డాక సీరం దొరకడం కష్టం.

ఇక మలేరియా. మన ఇళ్లలో పిల్లలకు జ్వరమొస్తే పారాసిటమాల్ పోసి, తడిగుడ్డ వేసి, రెండు మూడు రోజులు చూద్దాం అంటాం. ఉగాండాలో ఆ అలవాటు ప్రాణం తీస్తుంది. అక్కడ ఎక్కువగా వచ్చేది ఫాల్సిపారం, మలేరియాల్లో అన్నిటికన్నా ప్రమాదకరమైన రకం. పుట్టినప్పటి నుంచి అక్కడే పెరిగిన పిల్లల్లో అయిదేళ్లు దాటేసరికి దానికి కొంత తట్టుకునే శక్తి వస్తుంది. మన పిల్లల్లో ఏమీ ఉండదు. ఒళ్లు వెచ్చబడిన రోజే రక్తపరీక్ష చేయించాలి. ప్రార్థన చేసి పొద్దున చూద్దాం అనుకోకండి, పరీక్ష చేయించి వచ్చి ప్రార్థన చేయండి. ఉగాండా తొలి మిషనరీల్లో ఒకరైన అలెగ్జాండర్ మాకే 1890లో చనిపోయింది మలేరియాతోనే. ఆయన రోజుల్లో ఇప్పటి మందుల్లేవు, మనకున్నాయి.

చుక్క రక్తంతో ఇంట్లోనే చూసుకునే మలేరియా కిట్ టెస్టులు పది దాకా ఉంచుకోండి. రెండు సంగతులు గుర్తుండాలి. జ్వరం మొదలైన మొదటి గంటల్లో నెగెటివ్ వచ్చినంత మాత్రాన మలేరియా లేదని కాదు, మర్నాడు మళ్లీ చేయాలి. రెండోది, మలేరియా తగ్గిపోయాక కూడా ఆ కిట్ కొన్ని వారాల పాటు పాజిటివ్ చూపిస్తూనే ఉంటుంది. కాబట్టి పదిహేను రోజుల్లో మళ్లీ జ్వరమొస్తే కిట్‌ను నమ్మకుండా ల్యాబ్‌లో రక్తాన్ని స్లయిడ్ మీద మైక్రోస్కోపుతో చూపించాలి. పాజిటివ్ అని తేలితే మామూలుగా రాసేది కోఆర్టెం అనే మలేరియా మాత్ర. మాత్రల లెక్క వయసును బట్టి కాదు, బరువును బట్టి. 5 నుంచి 15 కిలోల లోపు పిల్లలకు పూటకు ఒక మాత్ర, 15 నుంచి 25 లోపు రెండు. మొదటి పూట వేశాక ఎనిమిది గంటలకు రెండోసారి, ఆపైన రెండు రోజులు ఉదయం, సాయంత్రం, మొత్తం ఆరు పూటలు. కొవ్వున్న ఆహారంతో వేస్తేనే ఒంటికి పడుతుంది, అందుకే పాలతో గానీ వేరుశనగ ముద్దతో గానీ ఇవ్వండి. గంటలోపు కక్కితే ఆ పూట మాత్ర మళ్లీ వేయాలి. తప్పు జరిగేది రెండో రోజు సాయంత్రం. పిల్లాడు లేచి ఆడుకుంటుంటాడు, తగ్గిపోయింది కదా అని మిగతా పూటలు మానేస్తారు. ఆరు పూటలూ పూర్తి చేయాల్సిందే. ఫిట్స్ వచ్చినా, ఏం పట్టినా కక్కుతున్నా, లేపితే లేవకపోయినా, అరచేతులు తెల్లగా పాలిపోయినా, ఊపిరి ఎగబీలుస్తున్నా మాత్రలతో కూర్చోకుండా ఆస్పత్రికి పరుగెత్తండి. అప్పుడు ఆర్టిసునేట్ ఇంజెక్షన్ పడాలి.

పారాసిటమాల్ గురించి ఒక హెచ్చరిక. ఇండియా నుంచి తీసుకెళ్లిన సీసాల్లో ఒకటి 5 మి.లీ.కి 120 మి.గ్రా. ఉంటుంది, ఇంకోటి 250 ఉంటుంది, చుక్కల మందులో ఒక్క మి.లీ.కే 100 ఉంటుంది. పది కిలోల బిడ్డకు 150 మి.గ్రా. అంటే మొదటిది దాదాపు ఆరు మి.లీ., రెండోది మూడు, చుక్కల మందు ఒకటిన్నర. అర్ధరాత్రి, కరెంటు లేనప్పుడు ఈ లెక్క తప్పుతుంది. ఒకే రకం సీసా కొనండి, మీ బిడ్డ బరువుకు ఎంతో దాని మీదే మార్కర్‌తో రాసి పెట్టండి. నెలకోసారి తూకం వేసి మార్చండి.

భూమధ్యరేఖ పక్కనే కాబట్టి రాజధాని కంపాలాలో ఏడాదంతా ఆరున్నర, ఏడుంబావు మధ్యే పొద్దు గుంకుతుంది. మలేరియా దోమ కుట్టేది అప్పటి నుంచి తెల్లారేవరకు. ఆరున్నరకల్లా స్నానం, నిండు చేతుల చొక్కా, సాక్సు. మందు పూసిన దోమతెరను పరుపు కిందకి నాలుగు వైపులా దోపాలి. చీకటి పడ్డాక వేస్తే దోమను లోపల పెట్టి మూసినట్టే. తెరను ఊరికే ఉతకకండి, దాదాపు ఇరవై ఉతుకులకు మందు పోతుంది. సాయంత్రం కూడికల్లో పిల్లలు నేల మీద చాపేసుకుని నిద్రపోవడం మనకు అలవాటే. అక్కడ అలా కుదరదు. గుడారంలా మడిచే చిన్న దోమతెర ఒకటి సంచిలో ఉండాలి. ముందుజాగ్రత్త మాత్రలు వాడాలో వద్దో, ఏవి వాడాలో వెళ్లకముందే డాక్టరుతో తేల్చుకోండి. వాటిలో ఒకటైన డాక్సీసైక్లిన్ ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు పనికిరాదు.

మన దగ్గర ఎవరూ వినని చిక్కు ఒకటుంది: మామిడి ఈగ. ఉతికి బయట ఆరేసిన బట్టల మీద, ముఖ్యంగా నీడలో తడిగా ఉన్న చోట, అది గుడ్లు పెడుతుంది. ఆ బట్ట తొడిగితే పిల్ల పురుగు చర్మంలోకి దూరుతుంది. కొన్ని రోజులకు నడుము దగ్గరో పిర్రల మీదో సెగగడ్డలాంటిది లేస్తుంది. దగ్గరగా చూస్తే గడ్డ నడిమధ్యన సూదిమొనంత నల్లటి చుక్క, అందులోంచి కొద్దిగా నీరు, ఒక్కోసారి ఆ చుక్క కదులుతుంది. పురుగు ఊపిరి పీల్చే రంధ్రం అదే. సెగగడ్డ అనుకుని యాంటీబయాటిక్ వేస్తే తగ్గదు, సూదితో కెలికితే పురుగు తెగి లోపలే చీము పడుతుంది. దాని మీద వాజలీన్ మందంగా పూసి మూసేస్తే గాలి అందక పైకి వస్తుంది. అప్పుడు రెండు బొటనవేళ్లతో పక్కల నుంచి మెల్లగా నొక్కితే తెల్లటి పురుగు మొత్తంగా బయటికొస్తుంది. సబ్బుతో కడిగితే చాలు. అసలు రాకుండా ఉండాలంటే ప్రతి బట్టనూ ఇస్త్రీ చేయాలి. చొక్కాలే కాదు, బిడ్డ గుడ్డలు, లోదుస్తులు, దుప్పట్లు, తువ్వాళ్లు కూడా రెండు వైపులా. కుట్లు, ఎలాస్టిక్ ఉన్న చోట ఇస్త్రీపెట్టెను కాసేపు ఉంచి వేడి పట్టించాలి. కరెంటు మీద నమ్మకం లేదు కాబట్టి బొగ్గుల ఇస్త్రీపెట్టె కొనుక్కోండి. మెష్ కొట్టిన వరండాలో ఆరేసుకోగలిగితే సగం బాధ తప్పుతుంది.

విక్టోరియా సరస్సు చూడగానే పిల్లలు కాళ్లు తడుపుకుంటామంటారు. వద్దు. ఒడ్డున నత్తలున్న నీళ్లలో బిల్హార్జియా పురుగు చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. బాప్తిస్మాలు ఆ సరస్సులోనే ఇవ్వాల్సి వస్తే ఇచ్చే పాస్టరు గారికీ ఇదే వర్తిస్తుంది. నీళ్లలో దిగాక ఒకటి రెండు నెలలు ఆగి పరీక్ష చేయించుకుని, డాక్టరు చెబితే ప్రాజిక్వాంటెల్ వేసుకోవాలి. వెంటనే వేసుకుంటే ఎదగని పురుగు మీద అది పనిచేయదు. తొట్టె కట్టించుకున్న సంఘాలకు ఈ బెడద లేదు.

తిండి విషయంలో మాత్రం దేవుడు మనకు దారి తీసిపెట్టాడు. రాగులు ఆ ప్రాంతపు పంటే. పశ్చిమాన రాగి ముద్దను కారో అంటారు, జావను ఒబుషేరా అంటారు. మీ బిడ్డ రాగిజావ అక్కడా తాగొచ్చు. పిండి కొనకండి, అందులో ఇసుక, కర్రపెండలం పిండి కలిసి ఉండొచ్చు. గింజలు కొని గాలించి, ఆరబెట్టి మరపట్టించుకోండి. ఉత్తరాన కందులు పండుతాయి, కంపాలాలో భారతీయుల కొట్లలో కందిపప్పు, చింతపండు దొరుకుతాయి. వేరుశనగల దగ్గర మాత్రం జాగ్రత్త. ముడుచుకున్నవి, రంగు మారినవి, చేదుగా ఉన్నవి ఏరి పారేయండి. తేమకు పట్టే బూజు విషం వేయించినా పూర్తిగా పోదు. విరేచనాలైతే లీటరు కాచిన నీళ్లకు ఒక లీటరు సైజు ఓఆర్ఎస్ ప్యాకెట్. గ్లాసుడు నీళ్లలో ప్యాకెట్టంతా కలిపితే ఉప్పెక్కువై బిడ్డకు ముప్పు. దాంతో పాటు ఆరు నెలలు దాటినవాళ్లకు రోజుకు 20 మి.గ్రా. జింక్, పది నుంచి పద్నాలుగు రోజులు.

మాట విషయానికొస్తే, కంపాలా చుట్టుపక్కల మాట్లాడే లుగాండా తెలుగులాగే అజంత భాష. హ్రస్వ దీర్ఘాలకూ ద్విత్వాలకూ తేడా పాటిస్తుంది కాబట్టి మన పిల్లల నోటికి తేలిగ్గా వస్తుంది. లుగాండా మాట్లాడే ఆ బుగాండా ప్రాంతంలో పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, పెద్దలకు మోకాళ్లూని నమస్కరిస్తారు. ఇది ఆరాధన కాదు, మర్యాద. ‘మేము దేవునికే మోకరిస్తాం’ అని పిల్లలతో అనిపించకండి, ఇంటింటా తలుపులు మూసుకుపోతాయి. మిమ్మల్ని వాళ్లు ముయిండి అంటారు, అంటే ఇండియా మనిషి. 1972లో ఈదీ అమీన్ ఆసియావాళ్లను తొంభై రోజుల గడువిచ్చి వెళ్లగొట్టిన దేశం అది. ముయిండి అనగానే కొట్టు యజమాని అనుకుంటారు, మీ పిల్లలు డబ్బున్నవాళ్ల పిల్లలు అనుకుంటారు. బడిలో ఈ మాట ఎదురవుతుందని ఐదేళ్ల పిల్లకు ముందే నెమ్మదిగా చెప్పాలి.

బడి సంవత్సరం అక్కడ ఫిబ్రవరిలో మొదలవుతుంది, మనది జూన్‌లో. తిరిగి వచ్చే ఆలోచన ఉంటే ఈ తేడా వల్ల అర ఏడాది అటో ఇటో అవుతుంది. పదో తరగతి జాతీయ ఓపెన్ స్కూల్ (ఎన్ఐఓఎస్)లో రాయించే దారీ ఉంది, పద్నాలుగేళ్లు నిండాలి. తెలుగు మాత్రం ఎవరూ నేర్పరు, మీరే నేర్పాలి. చదవడానికి బైబిలుతో మొదలుపెట్టకండి. మన పాత అనువాదం గ్రాంథికం, ఆరేళ్ల పిల్లకు ‘చెప్పెను’, ‘యుండిరి’ అనేవి అడ్డం పడతాయి. మన రాష్ట్రాల ఒకటో తరగతి తెలుగు వాచకాలు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. ప్రింటు తీసి రోజుకు పావుగంట. పాటలు, కంఠత వాక్యాలు తెలుగులోనే ఉండనివ్వండి. అక్కడ సాయంత్రం ఐదు అయితే మనకు ఏడున్నర. నాయనమ్మ, తాతయ్యలకు వీడియో కాల్ ఆ వేళకు పెట్టుకుంటే దోమల వేళకు ముందే అయిపోతుంది, వాళ్ల రాత్రి భోజనానికీ అడ్డం రాదు.

ఇంకో మాట, మన సంఘాల్లో పెద్దగా మాట్లాడనిది. మిషనరీ ఇంటికి వచ్చిపోయేవాళ్లు ఎక్కువ. ఎంత నమ్మకస్తుడైన విశ్వాసి అయినా, వచ్చిన దైవజనులైనా, పిల్లలు వాళ్లతో ఒంటరిగా ఒక గదిలో పడుకోకూడదు. ముద్దు పెట్టించుకోవడం, ఒళ్లో కూర్చోవడం ఇష్టం లేదంటే పిల్లను బలవంతపెట్టకండి. ఆతిథ్యం పేరుతో ఈ నియమం సడలించవద్దు. పంపే సంఘానికి పంపే ఫొటోల్లో పిల్లల బడి పేరు, ఇంటి గుర్తులు లేకుండా చూడండి. సెలవుకు వచ్చినప్పుడు వాళ్లను ప్రతి సంఘంలో స్టేజీ ఎక్కించి లుగాండా పాట పాడించకండి. పాడతానంటే పాడనివ్వండి, లేకపోతే లేదు.

అక్కడ బిడ్డ పుడితే ఏడాదిలోపు భారత హైకమిషన్‌లో పుట్టుక నమోదు చేయించాలి. వేరే దేశపు పాస్‌పోర్టు లేదని రాసివ్వాలి. ఏడాది దాటితే ఢిల్లీలో కేంద్రం అనుమతి కావాలి, అది తేలేసరికి చాలా కాలం పడుతుంది.

సెలవుకు ఇంటికొచ్చాక పిల్లలకు జ్వరమొస్తే, వచ్చి రెండు మూడు నెలలైనా సరే, డాక్టరు గారితో చెప్పాల్సిన మొదటి మాట ‘మేము ఉగాండా నుంచి వచ్చాం’ అని. ఆ మాట చెప్పకపోతే వైరల్ అనో డెంగ్యూ అనో పరీక్షలు రాస్తారు. ఫాల్సిపారం కోసం స్లయిడ్ చూడమని మీరే అడగండి.