నా జ్ఞాపకం మీద నాకే నమ్మకం పోయిన రోజులు

నేను ప్రేమించి, కలిసి బతికిన మనిషి నా మీద ఎప్పుడూ చెయ్యి ఎత్తలేదు. అరిచిన సందర్భాలూ తక్కువే. అందుకే మా ఇద్దరి మధ్య జరుగుతున్నదాన్ని హింస అనుకోవడానికి చాలాకాలం నాకు మనసొప్పలేదు. "నేనలా అనలేదు, నువ్వే ఏదో ఊహించుకుంటున్నావ్" అని నెమ్మదిగా, జాలిగా అనేవాడు. ఆ జాలి చూసే నేను నమ్మేదాన్ని.

ఒకసారి ఆదివారం మా అక్క వాళ్లింటికి వెళ్దామని ముందు రోజు రాత్రి ఇద్దరం అనుకున్నాం. ఎన్నింటికి బయల్దేరాలో కూడా అతనే చెప్పాడు. పొద్దున్నే తయారై కూర్చుంటే "ఎక్కడికి?" అన్నాడు. రాత్రి అనుకున్నది గుర్తు చేశాను. ఫోన్లోంచి తల ఎత్తకుండా, "కలగన్నావేమో. ఈమధ్య నీకు బొత్తిగా గుర్తుండట్లేదు, డాక్టర్‌కి చూపిద్దామా?" అన్నాడు. కాసేపటికి నేనే అక్కకి ఫోన్ చేసి, నా వల్లే పొరపాటు జరిగిందని, రాలేమని చెప్పాను.

మతిమరుపు ఎవరికైనా ఉంటుంది. ఒకే సంగతి ఇద్దరికి రెండు రకాలుగా గుర్తుండటమూ మామూలే. కానీ అలాంటప్పుడు తప్పు ఒకసారి ఇటు, ఒకసారి అటు ఉంటుంది కదా. మా ఇంట్లో ప్రతిసారీ నాదే. ఏదైనా అడిగితే ముందు "అలా జరగలేదు" అనేవాడు. తర్వాత "నీకు అనుమానం ఎక్కువ" అనేవాడు. చివరికి "నీతో బతకడం ఎంత కష్టమో నాకే తెలుసు" అని బాధపడేవాడు. నేను అడిగిన విషయం పక్కకుపోయేది, నేను క్షమాపణ చెప్పేదాన్ని. జెనిఫర్ ఫ్రెయిడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1997లో ఈ వరసకి 'డార్వో' అని పేరు పెట్టారని తర్వాత తెలిసింది. కాదనడం, ఎదురుదాడి చేయడం, తానే బాధితుణ్ణని తిప్పేయడం. చదువుతుంటే ఒళ్లు జలదరించింది.

అప్పటికే ఏ రోజు జరిగింది ఆ రోజే రాసుకోవడం మొదలుపెట్టాను. అతను అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు ఒకచోట, నాకు అనిపించింది వేరేచోట. నా ఫోన్ అతను చూస్తాడు కాబట్టి అందులో కాదు, ఆఫీసులో నా సొరుగులో ఉన్న పుస్తకంలో. అతనికి చూపించాలనే ఆలోచనే లేదు. చూపిస్తే ఆ పుస్తకమే నా మీద కొత్త నేరం అయ్యేది. కొంతకాలం తర్వాత మొదటి నుంచీ చదివితే ఒకటి కొట్టొచ్చినట్టు కనబడింది. నాకు 'గుర్తుండనివన్నీ' డబ్బుకో, మా వాళ్లకో, అతను ఎక్కడికెళ్లాడన్నదానికో సంబంధించినవే. ఆఫీసులో లెక్కలు చూసేది నేనే, అక్కడ నా జ్ఞాపకానికి ఎవరూ వంక పెట్టలేదు.

ఆ తర్వాత వాదించడం మానేశాను. "నాకు ఇలా గుర్తుంది, దీని మీద ఇంక మాట్లాడను" అనేదాన్ని. మొదట కోప్పడ్డాడు. తర్వాత బహుమతులు తెచ్చాడు. ఆ మంచి రోజులే అసలు కష్టం. ఎప్పుడొస్తుందో తెలియని ఆప్యాయత కోసం మనిషి ఎంత ఎదురుచూస్తుందో నాకు తెలుసు. చివరికి మా అక్కకి ఫోన్ చేసి నా మానసిక స్థితి బాగాలేదన్నాడు. అక్క నేరుగా నా దగ్గరికొచ్చింది. మాటల్లో ఆ ఆదివారం సంగతి వస్తే, "అదేంటే, రేపు వస్తున్నామని ముందు రోజు రాత్రి తనే నాకు మెసేజ్ పెట్టాడుగా" అని ఫోన్ తీసి చూపించింది. ఆ మెసేజ్ ఎన్నిసార్లు చదివానో.

వెళ్లిపోతున్నానని అతనికి చెప్పేలోపే ఉండటానికి చోటు, నా సర్టిఫికెట్లు, నా ఒక్కదాని ఖాతాలో కొంత డబ్బు సిద్ధం చేసుకున్నాను. అలా చేయమన్నది కౌన్సెలర్. అంత తేలిగ్గా ఎలా నమ్మానని ఆవిడ దగ్గర ఏడిస్తే, 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ చేసిన ప్రయోగం గురించి చెప్పారు. కార్లు ఢీకొన్న దృశ్యం చూపించి, ప్రశ్నలో కాస్త తీవ్రమైన మాట వాడితే, వారం తర్వాత అడిగినప్పుడు అసలు లేని పగిలిన గాజు కూడా చూశామని చెప్పినవాళ్లు ఎక్కువయ్యారట. ముక్కూమొహం తెలియనివాళ్లు ఒక్క మాట మారిస్తేనే అలా ఉంటే, ప్రేమించిన మనిషి రోజూ చెబుతుంటే తట్టుకోవడం ఎవరికైనా కష్టమేనన్నారు.

కౌన్సెలింగ్ ఇంకా నడుస్తోంది. గ్యాస్ కట్టేశానో లేదోనని వెనక్కొచ్చి చూడటం తగ్గింది. "నేను నిజంగానే అలా అన్నానా?" అని అక్కని అడగడం మాత్రం పూర్తిగా పోలేదు. అడిగిన ప్రతిసారీ, విసుక్కోకుండా, తనకి గుర్తున్నది చెబుతుంది.