బాణం ఎంత?

మన స్కూలు బ్యాచ్ మళ్ళీ కలుస్తున్న సందర్భంగా వేసే సంచికకి ఏదైనా రాయమని కమిటీ తరఫున మన గోలీసోడా మూడుసార్లు ఫోన్ చేశాడు. బావి గట్టు గురించి, ఆ వానలో విహారయాత్ర గురించి ఎలాగూ మీరంతా రాస్తారు. నాకు మాత్రం స్కూలు అనగానే తొమ్మిదో తరగతిలో దసరా సెలవులకి ముందు రోజు ఆఖరి పీరియడే కళ్ళముందు నిలుస్తుంది.

బొంగరంగాడు రంగు కాగితాలు చుట్టి తెచ్చిన వెదురు విల్లుని లెక్కల మాస్టారు లాక్కున్నారు. వీపు పగిలిందే అనుకున్నాం. ఆయన దాన్ని బోర్డుకి ఆనించి సుద్దముక్కతో చుట్టూ గీశారు. "వెదురుబద్ద చాపం. అల్లెతాడు జ్యా. ఇన్నాళ్ళూ బట్టీ పట్టింది ఈ విల్లునేరా!" అన్నారు. అల్లెతాడు నడిమి నుంచి వెదురు దాకా ఇంకో గీత గీసి, "మరి బాణమేదీ? ఇదిగో, దీని పేరు శరం. పరీక్షలో రాదు. అయినా రాసుకోండి" అన్నారు. నేను రాసుకున్నాను.

ఆర్యభటుడు 499లో చెప్పిన సూత్రం కూడా ఆ రోజే విన్నాం. జ్యాకి రెండువైపులా ఉన్న శరాల్ని గుణిస్తే సగం జ్యా వర్గం వస్తుంది. ఆ సగం జ్యాయే అరబ్బుల దగ్గర జీబా అయి, జైబ్‌గా మారి, లాటిన్‌లో సైనస్ అయి, ఇంటర్‌లో మనకి సైన్ పేరుతో ఎదురైందని చాలా ఏళ్ళకి తెలిసింది.

తర్వాత పాలిటెక్నిక్, రైల్వే ఉద్యోగం. మొదటి పోస్టింగులో ఒక వంపు దగ్గర మా పెద్దాయన 20 మీటర్ల నైలాన్ తాడుని బయటి పట్టా లోపలి అంచుకి ఆనించి, రెండు కొసలూ బిగించి పట్టించారు. నడిమిన స్కేలు పెట్టి "వర్సైన్ చదువు" అన్నారు. వంగి చూశాను. తాడుకీ పట్టాకీ మధ్య ఖాళీ. మాస్టారి శరం! మిల్లీమీటర్లలో రావాలంటే 50,000ని మీటర్లలో ఉన్న వ్యాసార్ధంతో భాగించమని ఆయన చెబుతుండగానే, సగం తాడు 10 మీటర్లు, దాని వర్గం 100, అవతలివైపు శరం దాదాపు వంపు వ్యాసమంతా, అంటే 1,000 అని మనసులో భాగించుకుని "500 మీటర్ల వంపుకి 100 మిల్లీమీటర్లు సార్" అన్నాను. ఆయన నావైపు అదోలా చూశారు.

ముప్ఫై ఏళ్ళుగా పది మీటర్లకోసారి వంగి అదే కొలుస్తున్నాను. వరసగా అంకెలు దగ్గరదగ్గరగా వస్తే బండి వంపులో నీళ్ళలా జారిపోతుంది. ఒకచోట 80, పక్కనే 120 వచ్చిందా, పట్టా జరపాల్సిందే. నా సెక్షన్‌లో ట్రాక్‌మెన్ వర్సైన్ అనరు. "బాణం ఎంత?" అని అడిగితే "తొంభై ఎనిమిది సార్!" అని కేకేస్తారు.

బొంగరం, నీ విల్లు తిరిగి ఇవ్వలేదు కదా. స్టాఫ్‌రూమ్ బీరువా మీద పెట్టారు, నేను చూశాను. జనవరిలో కలిసినప్పుడు స్టూలు వేసుకుని వెతుకుదాం.