మాస్టారి ఏడవ డాన్‌ను సరిచూసుకున్న నా అనుభవం

మా అమ్మాయి తైక్వాండో అనే కొరియా యుద్ధవిద్య నేర్చుకుంటున్న తిరుపతి అకాడమీ మాస్టారు తన కరపత్రంలో రెండు విషయాలు పెద్ద అక్షరాలతో అచ్చువేయించుకున్నారు. ఒకటి, తాను ఏడవ డాన్ బ్లాక్‌బెల్ట్ అని (బ్లాక్‌బెల్ట్‌లోని స్థాయిలను డాన్ అంటారు). రెండు, ఉమ్మడి చిత్తూరు జిల్లాకు తైక్వాండోను తెచ్చిన తొలి గురువు తానేనని. ఈ రెండింటి నిజానిజాలు నాకు మొన్ననే తేలాయి కాబట్టి, పిల్లలను ఇటువంటి శిక్షణకు పంపే తల్లిదండ్రుల కోసం రాస్తున్నాను.

అదే కరపత్రంలో 2008లో మొదటి డాన్, 2019లో ఏడవ డాన్ అని ఉండడంతో నాకు అనుమానం మొదలైంది. సియోల్‌లో 1972లో ఏర్పడి, ప్రపంచమంతటికీ తైక్వాండో డాన్ పత్రాలు ఇస్తున్న కుక్కివాన్ నియమాల ప్రకారం, మొదటి డాన్ వచ్చాక రెండవదానికి కనీసం ఏడాది, మూడవదానికి మరో రెండేళ్లు, ఆపైన వరుసగా మూడు, నాలుగు, ఐదు, ఆరేళ్లు ఆగాలి. అన్నీ కలిపితే 21 ఏళ్లు. మాస్టారు 11 ఏళ్లలోనే చేరుకున్నారు. కరపత్రంలోని పత్రం సంఖ్య, పుట్టిన తేదీ తీసుకుని కుక్కివాన్ వెబ్‌సైట్‌లో వెతికితే మొదటి డాన్ నిజమేనని తేలింది, పైవాటి ఊసే లేదు.

అసలు పత్రం ఒకసారి చూపించమని అడిగినందుకు జరిగిన అవమానం మాత్రం ఇప్పటికీ మనసును కోస్తోంది. బెల్టు పరీక్ష జరిగిన సాయంత్రం, తల్లిదండ్రులందరూ కుర్చీలలో కూర్చుని ఉండగా, ఆయన మా అమ్మాయిని వరుసలో నుంచి ముందుకు పిలిచి, "మీ నాయనకు నా మీద నమ్మకం లేదంటమ్మా, నువ్వయినా నమ్ముతావా?" అని అడిగారు. కొత్త బెల్టు ముడి సగం వేసుకుని బిడ్డ అలాగే నిలబడిపోయింది. నా పక్కన కూర్చున్న పెద్దాయన, "గురువును రుజువులు అడగరాదు నాయనా, విద్య అబ్బదు" అన్నారు. కాసు బంగారం కొనాలన్నా హాల్‌మార్కు చూడకుండా డబ్బు తీయనివారు, బిడ్డ తలకూ మోకాళ్లకూ దెబ్బ తగలకుండా చూసుకోవలసిన మనిషి అర్హతను అడగడం అపచారమంటే నేను ఒప్పుకోను. గురుభక్తి గురువు విద్యకు చెందుతుంది, గోడమీది చట్రానికి కాదు.

అంతమందిలో మాట పడ్డాక వెనక్కి తగ్గకుండా, గోడకు తగిలించిన ఏడవ డాన్ పత్రం దగ్గరికే వెళ్లి చదివాను. ఇచ్చినది పేరులో 'అంతర్జాతీయ' అని ఉన్న ఒక సమాఖ్య. అధ్యక్షుడి స్థానంలో ఉన్న సంతకం, మా అమ్మాయి ఎల్లో బెల్టు పత్రంపై ఉన్న మాస్టారి సంతకం ఒక్కటే. ఇచ్చినవారూ పుచ్చుకున్నవారూ ఆయనే. ఆ సమాఖ్య రిజిస్ట్రేషన్ పత్రాల నకలు రుసుము కడితే దొరికింది. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు కలిస్తే సంఘాన్ని నమోదు చేసుకోవచ్చు. ఆ నమోదు సంఘం ఉందని చెబుతుందే గాని, అది ఇచ్చే డాన్‌కు విలువ కట్టదు. "ప్రభుత్వ రిజిస్టర్డ్" అన్న మాట చూసి మోసపోకండి. క్లాసులకు తమ ఆవరణను ఇచ్చి, ఫీజులో వాటా తీసుకునే పాఠశాల యాజమాన్యం, "మాకు సంబంధం లేదు సార్" అని ఒక్క మాటతో చేతులు దులుపుకుంది.

ఇక 'తొలి గురువు' మాట. తైక్వాండో మన దేశానికి 1970లలోనే వచ్చింది, జిమ్మీ జగ్తియాని పేరు అందుకు ప్రసిద్ధం. మన జిల్లా సంగతి తెలుసుకోవాలని చిత్తూరులో ఉన్న ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడి ఇంటికి వెళ్లాను. ఆయన బీరువాలో నుంచి తీసిన గ్రూపు ఫొటోలో తెల్లని దుస్తుల్లో పిల్లలు రెండు వరుసలుగా నిలబడి ఉన్నారు, వెనుకవైపు స్టూడియో ముద్ర, 1991 అన్న అంకె, తైక్వాండో శిబిరం అన్న మాట ఉన్నాయి. మా మాస్టారు మొదటి డాన్ పొందడానికి 17 ఏళ్ల ముందటి మాట అది. అప్పుడు నేర్పినవారు కరపత్రాలు వేయించుకోలేదు కాబట్టి వారి శ్రమ మరొకరి ఖాతాలో పడిపోతోంది. నాకు అన్నిటికంటే బాధ కలిగించినది ఇదే.

మీరు అడిగేటప్పుడు పత్రం ఇచ్చిన సంస్థ ఏదో, సంఖ్య ఎంతో, ఏ సంవత్సరమో రాసి ఇమ్మనండి. సంఖ్య చెప్పని చోట ఫీజు కట్టకండి. నేను ఆధారాలన్నీ జతచేసి జిల్లా క్రీడాధికారులకు ఫిర్యాదు ఇచ్చాను, రసీదు నా దగ్గర ఉంది. గత వారం అకాడమీ ముందు కట్టిన కొత్త ఫ్లెక్సీలో ఏడవ డాన్ కనిపించలేదు గాని, 'తొలి గురువు' అన్న మాట అలాగే ఉంది.